కుక్కకాటుకు గడువు కలదు

కుక్క కరిచిందనగానే పసరు కోసం పరుగెత్తి, గాయానికి కారమో సున్నమో అద్ది, నాలుగు రోజులు గడిచినా జ్వరమైనా తగలకపోవడం చూసి మందు పనిచేసిందని నిశ్చింతగా కూర్చునేవారు మన పల్లెల్లో నేటికీ కలరు. అయ్యా, ప్రాణాంతకమైనది ఆ నిశ్చింతే సుమండీ!

ఎందుకంటారా? రేబిస్ వైరస్ పిచ్చిపట్టిన జంతువు చొంగతో గాయంలో ప్రవేశించి, అక్కడి కండరాలలో కొంతకాలం పొంచియుండి, పిదప నాడీతంతువుల వెంబడి మెదడు వైపు మెల్లమెల్లగా ప్రాకిపోయేది గనుక, కాటుకూ రోగలక్షణాలకూ నడుమ సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు వారమే, అరుదుగా ఏడాది పైన కూడా పడుతుంది. మెదడును ఆక్రమించిన పిమ్మట అది లాలాజల గ్రంథులలోకి దిగివస్తుంది. ఆ సమయానికే జంతువుకు మతి చలించి, ఎదురైనదానినల్లా కరవబుద్ధి పుడుతుంది. కనుక దోషం కుక్కది కాదు, దాని మెదడునేలుతున్న రోగానిది. పిల్లి, నక్క, ముంగిసలకూ, కాటుపడిన ఆవు గేదెలకూ ఇదే గతి. నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకొనే జలభీతి మనిషికి ఒకసారి పొడసూపిందా, బ్రతికి బయటపడినవారు అతి కొద్దిమందే.

అయితే ఆ వైరస్ మందగమనమే మనకు దొరికిన గడువు. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మహాశయుడు జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి, కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి చేసిన టీకా వేయించి కాపాడినది ఈ గడువులోనే. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దలు హడలిపోయిన కాలం గతించింది. నేడు చేతికే నాలుగైదు సూదులు, అవి సర్కారు ఆసుపత్రిలోనూ వేస్తారు.

కాబట్టి కాటుపడిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి; ఈ వైరస్ పైనున్న కొవ్వుపొర సబ్బుకు కరిగిపోతుంది. ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి. రక్తం వచ్చిన కాటైతే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా అవసరం. ఊరి కుక్కలలో నూటికి డెబ్బైకి ఏటేటా టీకా వేయించగలిగితే ఈ రోగపు గొలుసు మూలంలోనే తెగుతుంది.

మరొక్క మాట. తిట్లకు జడిసి కాటును దాచుకొనే పసివాళ్లు ఎందరో! కుక్క కరిచినా, గోటితో గీరినా వచ్చి చెబితే ఎవ్వరూ కోప్పడరని నేడే మీ పిల్లలకు చెప్పండి. చెప్పిననాడు ఆ మాట నిలుపుకోండి.