నాలుక మీద తెల్లపూత

దూది దుమ్ముకి ఆయాసం పట్టి స్టెరాయిడ్ ఇన్హేలర్ పీల్చేవాళ్లు మనలో ఉన్నారు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే నాలుక మీద తెల్లపూత రావచ్చు. అది కాండిడా అనే బూజు. షుగరున్నవాళ్లకీ, రాత్రి కట్టుడుపళ్లు తీయని పెద్దవాళ్లకీ వస్తుంది.

"పెరుగు తింటే రాదటగా?" అని నల్లంపల్లి అక్క ఒకామె నన్నడిగింది. ఫిన్లాండులో 276 మంది ముసలివాళ్లతో మొదలుపెట్టి, 16 వారాలు రోజూ చీజ్ పెట్టి చూశారు. 2007లో ఆ సంగతి అచ్చయింది. మేలుచేసే బ్యాక్టీరియా కలిపిన చీజ్ తిన్నవాళ్లలో ఈ బూజు ఎక్కువున్నవాళ్లు నూటికి 30 నుంచి 21కి తగ్గారు. మామూలు చీజ్ తిన్నవాళ్లలో తగ్గలేదు. మనింటి తోడులో అదే బ్యాక్టీరియా ఉంటుందని చెప్పలేం కదా! పెరుగు తినండి, నేనూ తింటాను, చక్కెర లేకుండా. పూత వచ్చేశాక అది మందు కాదు, డాక్టరుకి చూపించాలి. పూతకి భయపడి ఇన్హేలర్ మాత్రం మానకండి.