ఆలస్యమైతే ఫిర్యాదు చెల్లదా?



“జరిగి ఇన్నేళ్లయింది, ఇప్పుడు పోలీసుల దగ్గరకు పోతే ఎవరు పట్టించుకుంటారు?” బిడ్డకు జరిగిన అన్యాయం ఆలస్యంగా తెలిసినప్పుడు పెద్దలు తరచుగా అనే మాట ఇది. చట్టం తెలిసినవారిని అడిగి అనే మాట మాత్రం కాదు. అందుచేత ఈ నెల ఆ గడువులను గూర్చి వ్రాయదలచాము.

గుమ్మఘట్ట సంగతే తీసుకొనండి. భైరవానితిప్ప జలాశయం ఆ మండలంలోనే ఉన్నా, వాన లేని ఏడు వేరుశనగ చేతికి రాదు. తల్లిదండ్రులు బెంగుళూరు పనులకు పోతారు. పిల్లలు అవ్వతాతల దగ్గరో, బంధువుల ఇంటనో, హాస్టలులోనో ఉంటారు. అక్కడ ఆడబిడ్డకు గాని మగబిడ్డకు గాని కీడు జరిగితే, చేసినవాడు తెలిసినవాడే అయినప్పుడు, బిడ్డ నోరు విప్పేసరికి సంవత్సరాలు గడుస్తాయి.

చట్టంలో గడువు శిక్షను బట్టి ఉంటుంది. జరిమానా మాత్రమే పడే నేరానికి ఆరు నెలలు, ఏడాది వరకు జైలు పడేదానికి ఏడాది, మూడేళ్ల వరకు పడేదానికి మూడేళ్లు. అంతకు మించిన శిక్ష పడగల నేరానికి గడువే లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పిన ఈ లెక్కనే 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత కూడా ఉంచింది. కనుక బలాత్కారం కేసుకు ఇరవై ఏళ్లయినా తలుపు మూయబడదు.

ఇందులో మన రాష్ట్రం చేసిన మేలు ఒకటున్నది, చాలామందికి తెలియదు. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే దౌర్జన్యానికి పాత శిక్షాస్మృతి 354వ సెక్షను రెండేళ్ల శిక్షే చెప్పింది. అంటే మూడేళ్లు దాటితే కేసు లేదు. 1991లో ఆంధ్రప్రదేశ్ ఆ శిక్షను అయిదు నుండి ఏడేళ్లకు పెంచింది. దానితో గడువు కూడా తొలగిపోయింది. దేశమంతటికీ ఆ సదుపాయం 2013లో గాని రాలేదు.

పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టమున్నది. బాల్యంలో జరిగినదానిని పెద్దయ్యాక కూడా చెప్పవచ్చునని, ఆ చట్టంలో ఫిర్యాదుకు గడువు పెట్టలేదని 2018లో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది.

మరి గడువు దేనికి పట్టుకుంటుంది? మనం చిన్నవని కొట్టిపారేసే వాటికే. యువతితో అసభ్యంగా మాట్లాడితే ఏడాది వరకు శిక్ష, కనుక గడువూ ఏడాదే. మొదటిసారి వెంటపడి వేధించినదానికి మూడేళ్లు. ఆఫీసులో వేధింపును అక్కడి కమిటీకి చెప్పడానికి మూడు నెలలే, తగిన కారణముంటే మరో మూడు. “పండుగ పోనీ, పెద్దమనుషులు మాట్లాడుతున్నారు కదా” అని పంచాయితీ సాగదీసేవారు ఈ రోజులనే తినివేస్తున్నారు. తెలిసి చేసేవారూ లేకపోలేదని మా అనుమానం. గడువు దాటినా ఆలస్యానికి కారణం సరియైనదైతే, న్యాయం కోసం అవసరమైతే, కోర్టు మన్నించవచ్చును గాని అది కోర్టు దయ. ఫిర్యాదు ఇచ్చిన తేదీయే లెక్క, కోర్టు ఆలస్యం బాధితురాలి మీద పడదని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కనుక తేదీ ఉన్న కాగితం చేతిలో ఉంచుకొనండి.

పరువు భయంతో కుటుంబం వెనుకాడుట సహజమేననీ, ఆ ఆలస్యాన్ని బట్టి కేసును అనుమానించరాదనీ 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా సాక్ష్యాలు పాడవుతాయి, సాక్షులు ఊళ్లు మారతారు. గడువు లేదని ధైర్యపడి కూర్చోకూడదు.

సంఘ పెద్దలకు, హాస్టలు వార్డెన్లకు ఒక మాట. బిడ్డపై జరిగిన నేరం తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పవలసినదే. చెప్పకపోతే ఆరు నెలల వరకు, తన క్రిందివారు చేసినదానిని సంస్థ పెద్దయే దాచితే ఏడాది వరకు జైలు. క్షమించుట గూర్చి బోధించవచ్చును గాని, అది చెప్పి బిడ్డ నోరు మూయించే అధికారం కాపరికి లేదు.

నేరం బెంగుళూరులో జరిగినా సొంత ఊరి స్టేషనులోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. దానిని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. వారు తీసుకోకపోతే అదే సంగతి వ్రాసి జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. పిల్లలకు 1098 నంబరు ఉన్నది.