ఆమె ఏ తప్పు ఒప్పుకోవాలి?

జైల్లో ఉన్నవాళ్లను చూడటానికి పోవడం మంచి పని. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాం, ఎందుకంటే తర్వాతి మాటలు కొందరికి కష్టంగా ఉంటాయి.

ఆళ్లగడ్డ దగ్గర మా ఎరుకల వాడ నుంచి ఒకామె కువైట్‌కు ఇంటి పనికి పోయింది. అక్కడి నిర్బంధ కేంద్రంలో పడి ఉన్నప్పుడు ఆమెను చూడటానికి ఏజెంటు పోలేదు. మన నాయకులు పోలేదు. సభల్లో గొంతు చించుకునే మేమూ ఏమీ చేయలేదు. పోయింది తెలుగు ప్రార్థన సంఘం ఆడవాళ్లు. బట్టలిచ్చినారు, సబ్బిచ్చినారు, ఇంటికి ఫోన్ కలిపించినారు. పేరు పెట్టి పిలిచినారు. అంతకుముందు ఎనిమిది నెలలు ఆమెకు పేరు లేదు, ‘కద్దామా’ అనే పిలుపు తప్ప.

ఆ తర్వాత, చేసిన తప్పు ఒప్పుకుని దేవుణ్ణి క్షమాపణ అడగమన్నారు.

వాడకు తిరిగొచ్చినాక ఆమె మమ్మల్ని అడిగింది, “సార్, నేనేం తప్పు చేసినానని ఒప్పుకోవాల?”

ఆమె చేసిందల్లా ఆ ఇంటి నుంచి పారిపోవడం. తెల్లారుజామున లేస్తే అర్ధరాత్రి దాకా పని. పాస్‌పోర్టు మామా బీరువాలో, ఫోన్ బాబా జేబులో. ఎనిమిది నెలల్లో ఒక్క దీనారు చేతికి రాలేదు. కువైట్‌లో చట్టం లేక కాదు. 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదంటుంది, వారానికి ఒక సెలవు ఇవ్వమంటుంది. 2016లో కనీస జీతం నెలకు 60 దీనార్లుగా పెట్టినారు. కానీ కఫాలా పద్ధతిలో ఆకామా కఫీల్ చేతిలో ఉంటుంది. పనిమనిషి పారిపోయిందని ఆయన ఒక ఫిర్యాదు ఇస్తే చాలు, పోలీసులు ముందు పట్టుకునేది ఆమెనే. జీతం ఎగ్గొట్టినవాడు ఇంట్లో, జీతం రావలసిన మనిషి కటకటాల్లో. మన వాళ్లు దీన్ని ‘పరారీ కేసు’ అంటారు.

చేయని నేరానికి బోధ వినడం మా ఎరుకలోళ్లకు కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం చేసినారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రంలోకీ వచ్చింది. కడుపులో బిడ్డ కూడా దొంగే అన్నట్టు మమ్మల్ని చూసినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో మావాళ్లను కూడేసి, సంస్కరించమని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించినారు. కావలిలో ఆ పని బాప్టిస్టు మిషన్‌ది. మన ఆత్మకూరు వైపు సిద్ధాపురంలోనూ సెటిల్‌మెంటు ఉండేది. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలైనారు. అక్కడ బడి పెట్టినారు, వైద్యం చేసినారు, నిజమే. మేము నాలుగక్షరాలు నేర్చుకోవడంలో మిషన్ బడుల వాటా ఉంది, నంద్యాల ఎస్.పి.జి. హైస్కూలును కాదనేంత కృతఘ్నులం కాము. కానీ ఈ చట్టం తప్పు, ఈ మనుషులు నేరం చేయలేదు అని గట్టిగా చెప్పవలసిన చోట మిషన్ తాళంచెవి పుచ్చుకుని నిలబడింది. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో.

కువైట్ జైలుకు పోయే సోదరీమణులను మేము అడిగేది కూడా ఇదే. బైబిలుతో పాటు ఒక నోటు పుస్తకం తీసుకుపోండి. కఫీల్ పేరు, ఇంటి చిరునామా, ఆమె ఆకామా నంబరు, ఎన్ని నెలల జీతం రావాలో రాసుకోండి. ఆ కాగితం రాయబార కార్యాలయానికి ఇవ్వండి. ఇబ్బందిలో ఉన్న మనవాళ్ల టిక్కెట్టుకు, లాయరుకు 2009 నుంచి భారత సమాజ సంక్షేమ నిధి ఉంది, అది అడగండి. ఇదంతా ఆమె విమానం ఎక్కకముందే జరగాలి, ఎక్కినాక ఆ డబ్బు ఎవడిస్తాడు? కువైట్ ప్రభుత్వం 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా మాఫీ అన్నారు, మనమంతా చప్పట్లు కొట్టినాం. పనిమనిషిని క్షమించినారు సరే, ఆమె జీతం మాటేమిటి?

ఇది చదివి, మతమార్పిడి అని కేకలేసేవాళ్లు మమ్మల్ని తమలో కలుపుకోవద్దు. ఆ కేకలేసేవాళ్లు ఆమెకు ఒక సబ్బుబిళ్ల పంపలేదు.

తప్పు ఒప్పుకోవలసినవాళ్లు వేరే ఉన్నారు. అందులో మేము కూడా. కువైట్ లాంటి దేశాలకు ఇంటి పనికి పోవాలంటే, పది పాస్ కాని ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నియమం. ఆమెకు అప్పుడు 26. ఏజెంటు మనిషి బడికొచ్చి, పాపం ఇల్లు గడవాల గదా సార్ అన్నాడు. స్టడీ సర్టిఫికెట్‌లో పుట్టిన సంవత్సరం ఐదేళ్లు వెనక్కి వేసి మేమే ఇచ్చినాం. డబ్బు తీసుకోలేదు. అదేదో గొప్పన్నట్టు చాలా రోజులు అనుకున్నాం. ఆడవాళ్లను ఇంటి పనికి పంపడానికి ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉందని, ఒప్పంద పత్రం ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలని ఆ రోజు చెప్పడానికి మాకు నోరు రాలేదు. అసలు తెలిస్తే గదా. పది పాసైన పిల్లల సంగతి ఇంకో రకం. వాళ్ల పాస్‌పోర్టుకు ఆ తనిఖీ ఉండదు, ఎవరికీ చెప్పకుండానే పోవచ్చు. పది పాస్ చేయించి పంపే టీచర్లం, ఈ ముక్క తరగతి గదిలో ఎందుకు చెప్పం?

ఆమె ఇప్పుడు నంద్యాలలో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతోంది. ఎనిమిది నెలలకు, నెలకు అరవై లెక్కన, 480 దీనార్లు రావాలి. పోయిన నెల ఆ ప్రార్థన సంఘంలో ఒకమ్మ కువైట్ నుంచి ఫోన్ చేసి, బాగున్నావా, ప్రార్థన చేసుకుంటున్నావా అని అడిగింది. ఈమె కఫీల్ పేరు, వీధి, ఇంటి నంబరు, 480 అని వరసగా చెప్పి, రాసుకోమంది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “ఉండమ్మా, పెన్ను తెచ్చుకుంటా” అని వినిపించింది.