బల్ల ఒకటైతే సరిపోద్దా?

"మనసా వాచా కర్మణా క్రైస్తవులుగా బతకండి" అని ప్రతి ఆదివారం ప్రసంగ పీఠం మీంచి చెబుతారు. సరేనయ్యా. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి, సర్కారు బడి పంతుల్ని నేను. కులం సర్టిఫికెట్టు దగ్గర ఉన్నమాటే చెప్పా. 15 శాతం ఎస్సీ కోటాలోంచి తీసి, 1 శాతం బి.సి.-సి. గ్రూపులో వేశారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మమ్మల్ని కలపలేదు. బాప్తిస్మంతో మా కులం పోయిందట! మరి అద్దె ఇల్లు అడగబోతే "మీరేమిటోళ్లు?" అని ఎందుకడుగుతారు? 1985లో కారంచేడు మాదిగపల్లె మీద పడ్డోళ్లు ఎవరింట్లో బైబిలుందో చూసి ఆగారా?

సర్కారు సంగతి సరే, మన సంఘం సంగతేంది? 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. వాళ్ల తర్వాతోళ్లం మనమేం చేస్తున్నాం? మాలలకో గుడి, మాదిగలకో గుడి. రెడ్డి క్రైస్తవుడు ప్రభువు బల్ల దగ్గర మన పక్కనే రొట్టె తీసుకుంటాడు, సంబంధం మాటెత్తితే లేచిపోతాడు. మాల ఇంట్లో మాదిగ కోడలంటే మనోళ్లకీ మింగుడుపడదు. నా సర్టిఫికెట్టు చూసి "సాక్ష్యమంటే ఇదీ" అని మెచ్చుకున్న పెద్దలే పిల్లనిచ్చేకాడ ముందు కులం అడిగారు.

పెద్దల్లారా, నోట్లో వాక్యం, కడుపులో కులం పెట్టుకుని ఎవరి విశ్వాసాన్ని తూకమేస్తారు? నా కాగితాలు వెతకడం ఆపండి. మీ ఇళ్లల్లో పెళ్లి శుభలేఖలు తీసి చదువుకోండి.