కేకు ఇంటిది, చుట్టే కాగితం ఎక్కడిది?

క్రిస్మస్ సమీపిస్తున్నది. మైదా, పంచదార, నెయ్యి తీసుకొని వెళ్లి బేకరీ బట్టీలో బిస్కెట్లు కాల్పించుకొనే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఓవెన్ ఉన్న ఇళ్లలో ఎండుద్రాక్ష కేకులు సిద్ధమవుతున్నాయి. డాల్డా వాడలేదనీ, రంగులు కలపలేదనీ చేసినవారు గర్వంగా చెబుతారు. ఆ గర్వం న్యాయమైనదే. అయితే అంత స్వచ్ఛంగా చేసిన కేకును పొరుగింటికి పంపేటప్పుడు దేనిలో చుట్టుతున్నారు? నిన్నటి దినపత్రికలో! లేదా మెరిసే రంగు కాగితంలో, దానిపై మరొక ప్లాస్టిక్ పొరలో.

అచ్చుసిరా తినడానికి తయారైన పదార్థం కాదు. అందులో సీసం వంటి భారలోహాలు, రసాయనిక ద్రావకాలు ఉండవచ్చు. నెయ్యి, వెన్న తగిలితే అవి సులభంగా ఆహారంలోకి దిగుతాయి. అందుకే ఆహారాన్ని వార్తాపత్రికలలో చుట్టరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలలో స్పష్టంగా చెప్పింది. మిఠాయి పెట్టెలపై చుట్టే ప్లాస్టిక్ పొరను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. బజ్జీల బండివాడు పత్రిక చింపి పొట్లం కడితే ముఖం చిట్లించే మనమే, పండుగనాడు ఇంట్లో అదే పని చేస్తున్నాము.

"గుడ్డలో కట్టి ఇస్తే చూడటానికేమి బాగుంటుంది?" అని మీరు అడగవచ్చు. నా అభ్యంతరమంతా ఈ ప్రశ్న మీదనే. తినే వస్తువు కన్న దాని పైతొడుగును గౌరవించడం ఎప్పుడు నేర్చుకొన్నాము? అయిదు నిమిషాలలో చించి పారవేసే కాగితం మర్యాద ఎలా అయినది? మూట కట్టడం మనకు తెలియని విద్య కాదు. "స్టీలు డబ్బా ఇస్తే తిరిగి రాదు" అన్నది రెండవ మాట. పొరుగువారి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరాదని, కనీసం గుప్పెడు పంచదార అయినా వేసి పంపే ఇళ్లు మనవి. డబ్బా తిరిగి వస్తుంది. ఒట్టి చేతులతో రాదు.

గుడ్డ విషయంలో మాత్రం ఒక వైద్యునిగా హెచ్చరిక చేయవలసి ఉన్నది. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన పాత పట్టుచీర ముక్కను తీసి నేరుగా కేకుకు చుట్టకండి. ఆ ఉండలలోని నాఫ్తలీన్ కొవ్వులో కరుగుతుంది. జి6పిడి అనే ఎంజైము లోపించిన పసిపిల్లలలో అది ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి, తీవ్రమైన కామెర్లు కలిగించగలదు. అలాంటి గుడ్డ పైమూటకు కూడా పనికిరాదు. రంగు వేయని నూలు గుడ్డను సబ్బుతో ఉతికి, బాగా జాడించి, ఎండలో ఆరవేసి వాడండి. గంజి పెట్టిన కొత్త గుడ్డనైనా ముందు ఉతకవలసిందే. జరీ, అద్దకం గుడ్డలు డబ్బాకు పైమూటగా మాత్రమే ఉండాలి.

కరకరలాడే బిస్కెట్లకు గుడ్డ చాలదు. గాలి తగిలి మెత్తబడతాయి. వాటికి బిగుతు మూత గల స్టీలు డబ్బాయో, ఊరగాయ వాసన పూర్తిగా వదిలిన గాజు సీసాయో కావాలి. కేకు పూర్తిగా చల్లారక ముందే మూత పెడితే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది.

స్టేప్లర్ పిన్ను కొట్టకండి, అది పిల్లల గొంతులో పడగలదు. నూలు దారంతో ఒక చిన్న చీటీ కట్టి, చేసిన తేదీ, గుడ్డు, జీడిపప్పు, వేరుశనగ కలిసినవో లేదో వ్రాయండి. అవి పడనివారు ఆ ఇంట ఉండవచ్చు.