ప్రసారమునకు రెండు దారులు

టెలివిజను ప్రసారసంస్థల కంట్రోలు రూములందు ఒక పెద్ద మార్పు జరుగుచున్నది. ప్రేక్షకుని కంటికి కానరాని మార్పగుటచే దీనిని గూర్చిన చర్చ ఇంజనీర్ల నడుమనే నిలిచిపోవుచున్నది. కాని దీని మంచిచెడ్డల ఫలము ననుభవింపవలసినవారు ప్రజలే. కావున ప్రజలు దీనిని తెలిసికొని, తమ యభిప్రాయమును వెల్లడించుట యుక్తము.

ఇంతకాలము కెమెరానుండి కంట్రోలు రూమునకును, అచ్చటినుండి ప్రసారయంత్రమునకును ఒక్కొక్క చిత్రధారకు ఒక్కొక్క ప్రత్యేకమైన కేబులు ఉండెడిది. ఎస్.డి.ఐ. అని వ్యవహరింపబడు ఈ పద్ధతిలో హెచ్.డి. చిత్రము సెకండునకు 148.5 కోట్ల బిట్ల వేగముతో ఒకే దిక్కునకు ప్రవహించును. ప్రతి చేనికిని వేరువేరుగా బోదె త్రవ్వినట్టిదే యిది. వ్యయ మధికము, మార్పు కష్టము. కాని యే బోదెలో నీరు ఆగెనో గట్టుమీద నిలిచిన రైతునకు తోడనే తెలియును.

క్రొత్తది ఐ.పి. పద్ధతి. ఇంటర్నెట్టునకు మూలమైన నియమములే దీనికిని మూలము. చిత్రమును, ధ్వనిని చిన్నచిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, ఒక్కొక్కదానిపై చేరవలసిన చిరునామాను, పుట్టిన కాలమును గుర్తించి, ఉమ్మడి నెట్‌వర్కులోనికి విడుతురు. అమెరికాలోని సొసైటీ ఆఫ్ మోషన్ పిక్చర్ అండ్ టెలివిజన్ ఇంజనీర్స్ 2017లో 2110 సంఖ్యగల ప్రమాణములను ప్రకటించుటతో వేరువేరు కంపెనీల యంత్రములు ఒకే భాష మాటలాడుటకు వీలు కలిగినది. బ్రిటనులోని కార్డిఫ్ నగరమున బి.బి.సి. వారు తమ నూతన భవనమును ఈ ప్రమాణములపైననే నిర్మించుకొనిరి. ఒక ఊరి స్టూడియోను మరియొక ఊరినుండి నడపవచ్చును. క్రొత్త ఛానలు పెట్టుటకు గోడలు త్రవ్వి కేబుళ్లు పరువనక్కరలేదు. 2020లో కోవిడ్ మహమ్మారి ప్రబలినప్పుడు దూరమునుండి పనిచేయు సదుపాయపు విలువ లోకమునకు తెలిసివచ్చినది.

ఈ మార్పునకు మేము విరోధులము గాము. కాని బోదెలన్నింటిని పూడ్చి ఒక్క పెద్దకాలువపై ఆధారపడువాడు గట్టును గూర్చి పదింతలు జాగ్రత్తపడవలయును. ఆ కాలువకు గండిపడినచో ఎండునది ఒక చేను గాదు, ఆయకట్టంతయు.

ఇందులకు నిదర్శనములు లేకపోలేదు. 2015 ఏప్రిల్ 8 రాత్రి ఫ్రాన్సు దేశపు టీవీ5 మోండ్ సంస్థ ఛానళ్లన్నియు నిలిచిపోయినవి. దుండగు లంతకుముందు జనవరిలోనే సంస్థ నెట్‌వర్కున ప్రవేశించి, దాని మార్గములన్నింటిని కనిపెట్టి, ప్రసారమును నడపు యంత్రముల సాఫ్ట్‌వేరును ధ్వంసము చేసిరి. ఆనాడే యొక క్రొత్త ఛానలు ప్రారంభమగుటచే ఇంజనీర్లు ఆఫీసునందే యుండిరి. వారు దాడి జరుగుచున్న యంత్రమును గుర్తించి నెట్‌వర్కునుండి తొలగించుటచే సంస్థ దక్కినది. ఇట్టి అదృష్టముపై ఆధారపడి ప్రసారము నడుపుట తగునా?

రెండవది లండనులో జరిగినది. 2021 సెప్టెంబరు 25న రెడ్ బీ మీడియా వారి ప్రసారనిలయమున అగ్నిమాపక వ్యవస్థ వాయువును వెలిగ్రక్కినది. ఆ శబ్దతరంగముల తాకిడికి సర్వర్లు దెబ్బతినినవి. అనేక ఛానళ్లకు అంతరాయము కలిగినది. అందు చానల్ 4 కష్టము దీర్ఘమైనది. చెవిటివారి నిమిత్తమైన సబ్‌టైటిళ్లు, అంధుల నిమిత్తమైన వ్యాఖ్యానము సంపూర్ణముగా నెలకొనుటకు నవంబరు 19 వరకు పట్టినది. అంతగా ఒక్క నిలయముపై ఆధారపడి యుండరాదని అచ్చటి నియంత్రణసంస్థయగు ఆఫ్‌కామ్ 2022లో ఆ సంస్థను తప్పుపట్టినది. ఇది నెట్‌వర్కు దోషము గాదు. అయినను పాఠ మొక్కటే: ఒక్క కప్పు క్రిందనున్నది ఎన్ని యంత్రములైనను ఒక్కటే.

ఈ రోగమునకు ఔషధము లేకపోలేదు. ఒకే ప్యాకెట్టును రెండు మార్గముల నేకకాలమున పంపి, ఒకదానిలో తప్పిపోయినదానిని రెండవదానినుండి గ్రహించు విధానము ప్రమాణముగా నేర్పడియే యున్నది. తెరపై బొమ్మ రెప్పపాటైనను చెదరదు. కాని ఆ రెండు కేబుళ్లును ఒకే గోతిలో వేసి, ఒకే కరెంటు మీటకు తగిలించినచో, అవి పేరునకు మాత్రమే రెండు. గడియారము సంగతియు నట్టిదే. ఐ.పి. పద్ధతిలో యంత్రములన్నియు సెకండులో పదిలక్షలవ వంతు వరకు ఒకే కాలమును పాటింపవలయును. ఆ కాలమును చెప్పు గడియారము తప్పినచో కెమెరాలు, శబ్దయంత్రములు అన్నియు బాగుగనే యుండియు ప్రసారము చెడును. దానికిని జంట యుండవలసినదే.

ఆఫీసు ఉత్తరములు నడుచు నెట్‌వర్కును, ప్రసారము నడుచు నెట్‌వర్కును వేరుపరుపవలయును. ఏర్పాటుచేసిన రెండవ దారి నిజముగా పనిచేయునో లేదో, మొదటి దారిని బుద్ధిపూర్వకముగా ఆపి అప్పుడప్పుడు పరీక్షింపవలయును. పరీక్షింపని రక్షణ రక్షణ గాదు. అన్నింటికంటె ముఖ్యము మనుష్యులు. చిత్రము మర్మమెరిగిన పాత ఇంజనీరునకు నెట్‌వర్కు తెలియదనియు, నెట్‌వర్కు తెలిసిన యువకునకు ప్రసారపు క్షణము విలువ తెలియదనియు చెప్పి ఒకరి నొకరు తూలనాడుకొనుట కంటె, ఇరువురిని ఒకచోట కూర్చుండబెట్టి ఒకరి విద్య నొకరికి నేర్పించుట మేలు. క్రొత్తది వచ్చినదని పాతవారిని సాగనంపు సంస్థ, యంత్రములు కొని జ్ఞానమును అమ్ముకొన్నదగును.

ఇది పరదేశముల ముచ్చటయే గదా, మన కేల యని కొందరు తలంపవచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములు బలిగొన్న సంగతి మన తీరవాసులు మరువలేదు. తుఫాను కదలికను ఉపగ్రహములు నేడు ముందుగనే కనిపెట్టుచున్నవి. కాని కనిపెట్టిన వార్త పల్లెకు చేరవలయును గదా! సెల్‌ఫోను స్తంభములు కూలినచోట ఆ వార్తను మోయునది ప్రసారమే. ఆ గడియలో కంట్రోలు రూము మూగవోయినచో నష్టపడునది ఛానలు ప్రకటనల ఆదాయము గాదు.

కావున ప్రసారసంస్థల యాజమాన్యములను, ప్రభుత్వమును మేము కోరునది స్పష్టము. క్రొత్త యంత్రముల వ్యయమును ఉత్సాహముతో మంజూరు చేయు చేతులే రెండవ దారి వ్యయమును వృథాయని కొట్టివేయరాదు. వేరు ఊరిలో, వేరు కరెంటుతో, వేరు మార్గములతో రెండవ నిలయము సిద్ధమై, పరీక్షలో నెగ్గిన పిదపనే పాత కేబుళ్లు తొలగింపవలయును. పరీక్షల ఫలితములను ప్రజలయెదుట పెట్టవలయును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట వివేకము గాదు.