ఆడవాళ్ళ తుపాకీట!

"ఆడవాళ్ళకి తేలిక తుపాకీ చాలు." ఇంత బరువైన అబద్ధం ఈమధ్య నేను వినలేదు.

తుపాకీ అనగానే కంగారుపడకండి. నేను చెప్పేది పిట్టనైనా చంపని తుపాకీ సంగతి. అమెరికాలో సెలవు రోజున మొగుడూ పెళ్ళాలు, తాతలూ మనవలూ క్లబ్బుకి వెళ్ళి, యంత్రం గాలిలోకి విసిరే చిన్న చిన్న పళ్ళేలని షాట్‌గన్‌తో పేల్చే ఆట ఒకటుంది. అవి మన కాఫీ సాసరుకంటే చిన్నవి. మట్టి పళ్ళేలంటారు గానీ అందులో మట్టి లేదు. సున్నపురాయి పొడీ, తారులాంటి కీలూ కలిపి చేస్తారు. వెనకటికి బతికున్న పావురాలనే ఎగరేసి కొట్టేవాళ్ళు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆ ఘోరం జరిగింది. పావురాలు బతికిపోయాయి, సంతోషం. వాటి కాలంనాటి అభిప్రాయాలు మాత్రం ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

మా పిన్ని కూతురు టెక్సాస్‌లో ఉంటుంది. ఆట నేర్చుకుందామని కొట్టుకి వెళితే, కొట్టతను దాని చెయ్యి కొలవలేదు, మెడ చూడలేదు. ఆడది అని చూశాడు, అంతే. సన్నటి, తేలికపాటి సెమీ ఆటోమేటిక్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. పైగా గులాబీరంగుది! రెండు ఆదివారాలయ్యేసరికి భుజం వంకాయరంగు తిరిగింది. "ఇది మనవల్ల అయ్యేది కాదేమో అక్కా" అంది ఫోనులో.

నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు తుపాకీది, సిగ్గు దీనిదీనా?

తర్వాత నేను వాళ్ళింట్లో నెల్లాళ్ళున్నాను. క్లబ్బులో ఆట నేర్పే ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాను. నేను బి.ఏ. చదివినదాన్నే, ఫిజిక్సు నాకు రాదు. అయినా ఇదేం బ్రహ్మవిద్య కాదు. గుళ్ళు ముందుకి పోతే తుపాకీ వెనక్కి తన్నుతుంది. ఖాళీ బిందెని కాలితో తోస్తే దొర్లిపోతుంది, నీళ్ళ బిందె కదలదు. తుపాకీ కూడా అంతే. ఒకే తూటాకి తేలిక తుపాకీ ఎక్కువ తన్నుతుంది, బరువుది తక్కువ తన్నుతుంది. మూడు కిలోల లోపు తుపాకీ రోజంతా అడవిలో మోసుకు తిరిగే వేటగాడికి. క్లబ్బులో ఎత్తడం, పేల్చడం, దించడమే. అలా ఒక పూటకి వంద తూటాలు. అక్కడ మూడున్నర కిలోల పైమాటే మేలు. ఏడు కిలోల చంటివాణ్ణి చంకనేసుకుని పులుసు కలియబెట్టే ఆడదానికి మూడున్నర కిలోలు బరువుట!

ఇంకోటి, బోరు. 20 బోరుకంటే 12 బోరు పెద్దది. నూలు లెక్క తెలిసిన మనకి ఇది వింత కాదు. పౌనుకి చిలపలు పెరిగినకొద్దీ దారం సన్నం కాదూ? ఇక్కడా గొట్టానికి సరిపడే సీసపు గుండ్లు పౌనుకి ఎన్ని తూగితే అన్ని నంబరు. పెద్ద బోరు అనగానే భయపడక్కర్లేదు. 12 బోరుకీ 24 గ్రాముల గుళ్ళుండే మెత్తటి తూటాలున్నాయి. అయితే కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు మెత్తటి తూటాతో సరిగా పనిచెయ్యవు. కొనేముందు పేల్చి చూడాలి.

సెమీ ఆటోమేటిక్ అంటే ఖాళీ తొడుగుని తనే అవతల పారేసి, రెండో తూటాని తనే ఎక్కించుకునేది. ఇందులో రెండు జాతులు. ఒకటి పేలుడు వాయువుని కాస్త మళ్ళించి దాంతో పని జరుపుకుంటుంది. అందుకే తన్ను ఒక్కసారి గుద్దినట్టు కాక తోసినట్టుంటుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100కి అంత పేరు రావడానికి ఈ మెత్తదనమూ ఒక కారణమే. రెండోది తుపాకీ వెనక్కి తన్నే ఊపుతోనే స్ప్రింగు నొక్కుకుని నడుస్తుంది. మసి తక్కువ, బరువు తక్కువ, తన్ను ఎక్కువ. భుజం ముఖ్యమనుకుంటే మొదటిదే కొనాలి, మసి తుడుచుకోవాలి. గిన్నెల మసి తోమిన చేతులకి అదో లెక్కా?

లోపాలు లేకపోలేదు. ఖాళీ తొడుగులు కుడివైపుకి ఎగురుతాయి. ఎడమచేతివాళ్ళు తమకోసం చేసినది అడగాలి. జంటగొట్టాల తుపాకీని మధ్యకి మడిస్తే ఖాళీ అని అందరికీ కనిపిస్తుంది. దీన్ని తెరిచి ఉంచి, ఖాళీ అని తెలిసేలా చిన్న జెండా గుచ్చాలి.

అన్నిటికంటే ముఖ్యం కొలత. మనం జాకెట్టు కుట్టించాలంటే ఆది జాకెట్టు ఇస్తాం. చంకలో అరంగుళం తేడా వస్తే దర్జీతో దెబ్బలాడతాం. వేల రూపాయల తుపాకీకి కొలతే లేదా? ట్రిగ్గర్ నుంచి మడమ దాకా మామూలుగా 14 అంగుళాల పైనే ఉంటుంది. అది సగటు మగవాడి చెయ్యి. చెంప ఆనే చోటు పల్లమైతే మెడ వంచాలి, అప్పుడు తుపాకీ చెంప పగలగొడుతుంది. మడమ కింది కొన ఛాతీలో గుచ్చుకోకూడదు. ఇవన్నీ పలచటి బిళ్ళలు పెట్టో, మడమ కోయించో సరిచేయించుకోవచ్చు. మా చెల్లెలి తుపాకీకి రంగైతే వేశారు గానీ పొడుగు తగ్గించలేదు!

ఆడవాళ్ళవల్ల కాదన్నవాళ్ళకి జవాబు ఎప్పుడో వచ్చింది. 1992 బార్సిలోనాలో స్కీట్ పోటీలో ఆడా మగా కలిసే పాల్గొన్నారు. 24 ఏళ్ళ చైనా అమ్మాయి జాంగ్ షాన్ మగవాళ్ళందరినీ ఓడించి బంగారు పతకం పట్టుకుపోయింది. 225కి 223! 1996 అట్లాంటాకి వచ్చేసరికి స్కీట్ మగవాళ్ళకే మిగిలింది. ఆడవాళ్ళ స్కీట్ 2000 సిడ్నీలో గాని రాలేదు. కారణాలు ఏమైనా చెప్పుకోనీండి, గెలిచినావిడకి గెలుపు నిలబెట్టుకునే చోటే లేకపోయింది. అమెరికా ఆవిడ కిమ్ రోడ్ 1996 నుంచి 2016 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చింది. ఎవరి భుజాలండీ సున్నితం?

ఇది ఒక్క తుపాకీ గొడవే అయితే ఇంత రాయను. వంటింటి గట్టు ఎత్తు మేస్త్రీ నిర్ణయిస్తాడు, నడుంనెప్పి మనకి. వస్తువు ఎవరి ఒంటికో చేసి, నప్పకపోతే మన ఒంటిని తప్పుపట్టడం లోకానికి అలవాటైపోయింది. "ఆడవాళ్ళకి ఇది చాలు" అని ఎవరైనా మొదలెడితే, అది తుపాకీ అయినా సరే, కుర్చీ అయినా సరే, మొహమాటపడకండి. ముందు టేపు తెమ్మనండి.